లోడు వేసి చూసుకోండి

ఆ ఉదయం లాండ్రీ యజమాని వేసుకున్న పథకం చాలా చిన్నది. బండిలో లోడు వేయాలి. ఆస్పత్రి వాలు దాకా వెళ్లాలి. సగం వాలు దిగాక బ్రేకు గట్టిగా తొక్కాలి. బండి ఆగితే ఇంటికొచ్చి టీ తాగాలి. ఆగకపోతే ఏం చేయాలో మాత్రం ఆ పథకంలో లేదు. అది లేదన్న సంగతి గుర్తుకొచ్చినప్పుడల్లా అతని గుండెల్లో రైళ్లు పరిగెడుతున్నాయి.

లాండ్రీ యజమాని అన్నది బోర్డు మీద మాట. వీధిలో మాత్రం అందరూ అతన్ని 'ఎందుకైనామంచిది గారు' అంటారు. ఆకాశంలో మబ్బు తునక లేకపోయినా గొడుగు పట్టుకెళ్తాడు. షాపుకు తాళం వేసి, ఆ తాళం మీద నమ్మకం లేక ఇంకో తాళం వేసి, ఆ రెండింటి మీదా నమ్మకం లేక గొలుసు కడతాడు. ఇస్త్రీపెట్టె తీగ పీకేశాక కూడా వీధి చివర నుంచి వెనక్కొచ్చి ముట్టుకుని చూస్తాడు. ఎందుకండీ అంటే "ఎందుకైనా మంచిది" అంటాడు.

లాండ్రీని నడిపేదీ, లాండ్రీ బండిని నడిపేదీ అతని భార్య. ముందు ఇద్దరు కూర్చునే క్యాబిను, వెనక తొట్టి ఉన్న చిన్న ట్రక్కు అది. ఆస్పత్రి దుప్పట్లన్నీ దాంట్లోనే వస్తాయి, దాంట్లోనే వెళ్తాయి. ఆస్పత్రి గేటు నిట్టనిలువు వాలుకు సరిగ్గా అడుగున ఉంది. ఆమె రోజూ ఆ వాలు దిగాల్సిందే. ఆమె దిగి, తిరిగొచ్చేదాకా ఇతను షాపు ముందు కాలుగాలిన పిల్లిలా తిరగాల్సిందే.

అలాంటి మనిషితో ఆమె మొన్న ఒక మాట అంది. "ఏవండీ, కొన్నాళ్లుగా బ్రేకు పెడలు సగం కన్నా కిందికి దిగడం లేదు. నిన్న గేటు దగ్గర బండి జారి జారి ఆగింది."

అంతే. అతని పై ప్రాణాలు పైనే పోయాయి. అప్పటికప్పుడు బండిని మెకానిక్కు దగ్గరికి తోలించాడు. మెకానిక్కు చక్రాలన్నీ విప్పి, చూసి, బిగించి, చేతులు తుడుచుకుంటూ అన్నాడు. "నాకైతే తప్పేం కనబడలేదు సార్. మీరు మార్చమన్నారు గనక బ్రేకు షూలు మార్చాను, ఆయిలు మార్చాను. ఎందుకైనా మంచిది, ఒకసారి లోడు వేసి వాలు మీద చూసుకోండి. సగం దిగాక ఒకేసారి గట్టిగా తొక్కండి. దారిలో ఊరికే తొక్కి తొక్కి వేడెక్కించకండి, అసలు సంగతి తెలీదు."

తన మాట ఎదుటివాడి నోట వింటే ఇంత భయంగా ఉంటుందని అతనికి అంతవరకూ తెలియదు.

భార్య పొద్దున్నే కాలినడకన ఆస్పత్రికి బయల్దేరింది. మురికి దుప్పట్లు దగ్గరుండి మూటలు కట్టించాలి. గుమ్మం దగ్గర ఆగి చెప్పింది. "నేనొచ్చేసరికి మీ పరీక్ష అయిపోవాలి. ఉతికిన దుప్పట్ల జోలికి మాత్రం పోకండి, దుమ్ము పడితే మళ్లీ ఉతుక్కోవాలి. ఇంకో మాట. బ్రేకుల సంగతి వీధిలో ఎవరికీ చెప్పకండి. ఆస్పత్రి పెద్ద నర్సమ్మ చెవిన పడిందంటే రేపటి నుంచి దుప్పట్లు ఇంకొకళ్లకిస్తుంది."

"నేనెందుకు చెప్తాను?"

"మీ మొహమే చెప్తుంది. ఎవరైనా పలకరిస్తే నవ్వండి చాలు."

బండిని మెకానిక్కుకు ఇచ్చేముందు గ్రీజు అంటుతుందని అతను క్యాబిన్లో మ్యాట్లు తీసి దాచాడు. దాచినవాడు ఊరుకోకుండా ఉతికాడు. బట్టలుతికే ఇల్లు, చేతికి దొరికింది ఏదైనా నీళ్ల తొట్టిలో మునుగుతుంది. ఇప్పుడు వాటిని మళ్లీ శుభ్రంగా పరిచి, పెడలు ఒకసారి తొక్కి చూశాడు. కాస్త దిగి గట్టిగా నిలబడింది. కొత్త షూలు కదా, బిగువుగానే ఉంటాయి అనుకున్నాడు.

లోడుగా ఖాతాదార్ల ఉతకని మూటలు వేశాడు. ఎదురు షాపు టైలరు ఇచ్చిన పరదాల మూట, బడి డ్రిల్లు మాస్టారు తెచ్చిపడేసిన ఆటగాళ్ల బనీన్ల మూట, రేపు పెళ్లి పెట్టుకున్న కుర్రాడి కోటు, ఇంకా షాపులో ఉన్నవన్నీ. షాపు ఖాళీ అయింది గానీ బండి మాత్రం ఏమీ ఎక్కించనట్టే తేలిగ్గా నిలబడి ఉంది. ఈ బరువు బరువే కాదు. ఇంకా కావాలి. అతను చుట్టూ చూశాడు. వసారాలో కుర్చీ నిండా కూర్చుని అత్తగారు పేపరు చదువుతోంది.

"అత్తయ్యగారూ, అలా బండిలో వస్తారా?"

ఆవిడ కళ్లజోడు ముక్కు మీదికి జార్చి చూసింది. పెళ్లయిన దగ్గర్నుంచి ఈ అల్లుడు మెట్లు జాగ్రత్త, తడి జాగ్రత్త అనడమే గానీ, ఎక్కడికైనా రమ్మన్న పాపాన పోలేదు.

"ఎక్కడికి?"

"ఊరికే. చల్లగాలికి."

"అమ్మాయికి తెలుసా?"

"తెలుసు. తనే వెళ్లమంది."

అత్తగారి మనసులో ఏదో కళుక్కుమంది. నిన్న సాయంత్రం టీవీ దగ్గర కూతురికీ తనకూ మాటా మాటా పెరిగింది. ఆస్పత్రి వాలు దాటితే పెద్ద కొడుకు ఇల్లు. ఆ ఇంట్లో కోడలికీ తనకూ ఒక్క క్షణం పడదు. ఆవిడ గొంతు సవరించుకుని, తెలియనట్టే అడిగింది. "మరి నా సామాను?"

లాండ్రీ యజమాని మొహం ఆ పొద్దుటి నుంచి మొదటిసారి వెలిగింది. "తెచ్చుకోండి! తప్పకుండా తెచ్చుకోండి. ఆ ట్రంకు పెట్టె తెచ్చుకోండి. కుట్టుమిషను కూడా."

"మిషను కూడానా?"

"ఎందుకైనా మంచిది. బరువైనవి ఏమున్నా ఒక్కటీ వదలొద్దు. నేను మోస్తాగా!"

ఆవిడ లేచింది. లోపలికి వెళ్లి కళ్లొత్తుకుని ట్రంకు పెట్టె సర్దుకుంది. అల్లుడు దాన్ని ఎత్తబోయి, నడుం పట్టేసి, సంతోషంగా మూలిగాడు. మిషను ఎక్కేసరికి బండి వెనక భాగం నిండుగా కిందికి దిగింది. అత్తగారు ముందు సీట్లో కూర్చునేసరికి ముందు భాగం కూడా దిగింది. లోడంటే ఇదీ అనుకున్నాడు అతను. ఇంట్లో ఎవరూ లేరు గనక షాపుకు తాళం, తాళం మీద తాళం, గొలుసు.

గొలుసు చప్పుడుకు ఎదురు షాపు టైలరు కుట్టడం ఆపి బయటికొచ్చాడు. మెళ్లో టేపు, పెదాల మధ్య గుండుసూది. ఖాళీ షాపు చూశాడు. బండిలో మూటలు చూశాడు. ట్రంకు పెట్టె చూశాడు. కళ్లొత్తుకుంటున్న పెద్దావిడను చూశాడు. సూది తీసి కాలరుకు గుచ్చుకున్నాడు.

"ఏంటి సార్, పొద్దున్నే? ఎక్కడికి?"

భార్య చెప్పింది గుర్తొచ్చి లాండ్రీ యజమాని నవ్వాడు. ముచ్చెమటలు పోస్తున్న మొహం మీద ఆ నవ్వు అస్సలు బాగోలేదు.

"ఊరికే. అలా."

"అమ్మగారేరీ?"

"ముందే వెళ్లిపోయింది."

"మళ్లీ ఎప్పుడొస్తారు?"

అతని కళ్ల ముందు వాలు నిలబడింది. అబద్ధం చెప్పడం అతనికి చేతకాదు. "చెప్పలేనండీ," అన్నాడు. "అంతా సవ్యంగా జరిగితే వస్తాం."

టైలరు కిటికీ దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. "పెద్దమ్మగారూ, ఏమైందండీ?"

"ఏముంది నాయనా," అంది అత్తగారు ఎటో చూస్తూ. "వెళ్లిపొమ్మన్నారు, వెళ్లిపోతున్నా. మిషనుతో సహా."

బండి కదిలింది. టైలరు వీధి మధ్యలో కాసేపు నిలబడ్డాడు. తర్వాత రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని కేకేశాడు. "లాండ్రీ వాళ్లు సామాను సర్దుకుని పారిపోతున్నారు! మన బట్టలన్నీ బండిలోనే ఉన్నాయి!"

పక్క క్షౌరశాలలో కుర్చీలో వెనక్కి వాలి ఉన్న పెళ్లికొడుకు ఒక్క ఉదుటున లేచాడు. సగం గడ్డం గీసి ఉంది. మిగతా సగం నురగలో ఉంది. "నా కోటు!" అని ఆ మొహంతోనే రోడ్డెక్కాడు. అటుగా వస్తున్న డ్రిల్లు మాస్టారికి సంగతి సగమే అర్థమైంది గానీ సాయంత్రం పోటీ ఉంది, బనీన్లు బండిలో ఉన్నాయి. ఆయన జేబులోంచి ఈల తీసి ఊదుకుంటూ పరుగందుకున్నాడు. ఆ ఈల విని ఇళ్లలో ఉన్నవాళ్లూ గుమ్మాల్లోకొచ్చారు. దుప్పటి ఇచ్చినవాళ్లు, చొక్కా ఇచ్చినవాళ్లు, ఏమీ ఇవ్వనివాళ్లు కూడా బండి వెనక పడ్డారు.

వాళ్లు బండిని అందుకోవడం కష్టమేమీ కాలేదు. దారిలో బ్రేకు ముట్టుకోకూడదన్నాడు మెకానిక్కు. అందుకని లాండ్రీ యజమాని మొదటి గేరు దాటకుండా, నడిచే మనిషికన్నా కాస్త నెమ్మదిగా పోనిస్తున్నాడు. వెనక కేకలు దగ్గరపడ్డాయి.

"ఆపండి! బండి ఆపండి!"

అద్దంలో బండి వెనక పరుగెత్తుకొస్తున్న జనం కనిపించారు. చక్రం ఊడుతోందా? కింద ఆయిలు కారుతోందా? ఇంతమంది ఎందుకు ఆపమంటారు?

"ఆపమంటున్నారు, అల్లుడుగారూ," అంది అత్తగారు.

"ఇప్పుడు ఆపకూడదండీ."

"ఎందుకాపకూడదు?"

"వేడెక్కిపోతాయి."

"ఏవి?"

చెప్పకూడని మాట నాలుక చివరి దాకా వచ్చింది. అతను పళ్లు బిగబట్టి, ఆవిడ వైపు తిరిగి, భార్య చెప్పినట్టు నవ్వాడు. ఆ నవ్వు చూశాక అత్తగారికి పెద్ద కొడుకు ఇంటి గురించిన దిగులు పోయి, కొత్త దిగులు పట్టుకుంది. పట్టుకోవడానికి ఏదైనా ఉందా అని పక్కన తడుముకుంది.

వాలు మొదలయ్యే మలుపులో డ్రిల్లు మాస్టారు ఈల నోట్లోనే ఉంచుకుని తొట్టిలోకి దూకాడు. ఆయన చెయ్యందిస్తే పెళ్లికొడుకు ఎక్కాడు. టైలరు ఎక్కాడు. దూకలేనివాళ్లు అంచు పట్టుకుని వేలాడారు. ప్రతి మనిషికీ బండి ఒక్కసారి ఊగడం లాండ్రీ యజమానికి కూర్చున్న చోట తెలుస్తూనే ఉంది. లోడు పెరిగిపోతోంది! మెకానిక్కు లోడు వేయమన్నాడు గానీ ఊరంతా ఎక్కించమనలేదు. వెనక్కి తిరిగి దిగమని చెబుదామనుకునేలోగా బండి ముక్కు కిందికి వంగింది. వాలు.

బండి తనంతట తాను వేగం పుంజుకుంది. కింద, సరిగ్గా దారికి ఎదురుగా, ఆస్పత్రి గేటు. గేటు బయట దుప్పటి మూటల పక్కన పెద్ద నర్సమ్మతో మాట్లాడుతూ అతని భార్య నిలబడి ఉంది. ఇటు వీపు పెట్టి ఉంది. బండి రావడం చూడలేదు.

ఆ క్షణంలో అతనికి లాండ్రీ గుర్తులేదు, జనం గుర్తులేరు. ఆమె వీపు ఒక్కటే కనిపించింది. ఇన్నాళ్లుగా తను వేసిన తాళాలు, కట్టిన గొలుసులు, మోసిన గొడుగులు అన్నీ ఈ ఒక్క భయానికే అనిపించింది. "దేవుడా!" అని అరిచి, సగం వాలు ఇంకా రాకుండానే, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి బ్రేకు తొక్కాడు. అదే క్షణంలో పక్కన అత్తగారు అంతకన్నా గట్టిగా అరిచింది.

బండి కీచుమని మూలిగి, వెనక చక్రాలు రోడ్డును గీరి, నిలబడిపోయింది.

తొట్టిలో ఉన్నవాళ్లు మూటల మీద పడ్డారు. మూటలు వాళ్ల మీద పడ్డాయి. పెళ్లికొడుకు మొహం మీది నురగ టైలరు చొక్కాకు అంటింది. డ్రిల్లు మాస్టారి ఈల ఆయన ప్రమేయం లేకుండా ఒకసారి మోగింది. లాండ్రీ యజమాని మాత్రం తలుపు తీసుకుని రోడ్డు మీదికి దూకి, రెండు చేతులూ పైకెత్తి గంతులేశాడు.

"పడింది! బ్రేకు పడింది! ఆగిందండీ, చూశారా! ఆగింది!"

పారిపోతూ దొరికిపోయినవాడు ఇంత సంబరపడటం ఎవరూ ఎక్కడా చూడలేదు. ముందుగా తేరుకున్నవాడు పెళ్లికొడుకు. "నా కోటు నాకు పారేయండి సార్! తర్వాత మీ ఇష్టం, ఎక్కడికైనా పొండి!"

"నేనెక్కడికి పోతాను?"

"షాపు ఖాళీ చేసి, గొలుసు కట్టి, పెద్దావిడని కూడా ఎక్కించుకుని..." అన్నాడు టైలరు, నురగ తుడుచుకుంటూ.

"మా పెద్దాడింటికి పంపాలంటే నేరుగా చెప్పొచ్చుగా," అంది అత్తగారు క్యాబిన్లోంచి. "ఇలా కొండ మీంచి తోసినట్టు తోలాలా?"

ఈలోగా భార్య వాలు ఎక్కి పరుగున వచ్చింది. వెనకే ఆయాసపడుతూ పెద్ద నర్సమ్మ. భార్య మొగుణ్ని చూసింది, తల్లిని చూసింది, కుట్టుమిషను పక్కన చిక్కుకున్న డ్రిల్లు మాస్టారిని చూసింది.

"ఏవండీ, ఏంటిదంతా?"

ఇక దాచడం అతని వల్ల కాలేదు. అందరి ముందూ, పెద్ద నర్సమ్మ ముందు కూడా, గుక్కతిప్పుకోకుండా చెప్పేశాడు. పెడలు సంగతి, మెకానిక్కు సంగతి, లోడు సంగతి. అత్తగారి దగ్గరికి వచ్చేసరికి మాత్రం నేల చూపులు చూశాడు. "మూటలు చాల్లేదు... అందుకని అత్తయ్యగారిని..."

"అంటే?" అంది అత్తగారు. "నన్ను సిమెంటు బస్తా కింద లెక్కేశారా?"

"పెద్దన్నయ్య ఇంటికి నిన్నెవరు పంపుతారమ్మా?" అంది కూతురు. "పంపితే నాతో పోట్లాడటానికి ఇంట్లో ఎవరుంటారు?"

అత్తగారు ఊపిరి పీల్చుకుంది. అంతలోనే పౌరుషం తెచ్చుకుని కిటికీలోంచి మొహం అటు తిప్పుకుంది. జనం మాత్రం తెల్లబోయారు. ఒకరిద్దరు నవ్వారు. పెద్ద నర్సమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, "మా గేటుకొచ్చే బండ్లలో బ్రేకులు చూసుకుని వచ్చేది ఈ ఒక్కటే కాబోలు," అంది. దుప్పట్లు ఎక్కడికీ పోవని లాండ్రీ యజమానికి అర్థమైంది. అతని మనసు తేలికపడింది. ఆ తేలిక భార్య తాళం చెవి తీసుకుని డ్రైవరు సీట్లో కూర్చునేదాకానే.

"హ్యాండుబ్రేకు ఎవరు లాగారు?" అందామె.

ఆమె మొగుడి వైపు తిరిగింది.

"పై దాకా లాగేసి ఉంది. మీరా?"

"నేను కాళ్లతో తొక్కాను. చేత్తో ముట్టుకోలేదు."

అత్తగారు దగ్గింది. "ఆయన దేవుడా అన్నాడు. నేనూ ఏదో ఒకటి పట్టుకోవాలి కదా! చేతికి ఈ కర్ర దొరికింది. పట్టుకుంటే ఇది పైకొచ్చింది. ఇంకా లాగాను."

లాండ్రీ యజమాని రోడ్డు పక్క రాతి మీద కూలబడ్డాడు. అంటే బండి ఆగింది తను తొక్కిన బ్రేకుతో కాదు! కాలి బ్రేకు సంగతి ఇంకా ఎవరికీ తెలియదు. ఆ వాలు అలాగే ఉంది. ఆమె రేపు మళ్లీ దాని మీద దిగుతుంది. అతను చేతులు జోడించి జనం వైపు తిరిగాడు.

"మీకు పుణ్యముంటుంది, అందరూ మళ్లీ ఒక్కసారి ఎక్కండి."

తొట్టిలో మిగిలి ఉన్నవాళ్లు కూడా గబగబా దిగిపోయారు. కోటు చంకలో పెట్టుకుని పెళ్లికొడుకు అందరికన్నా ముందు వాలు ఎక్కడం మొదలుపెట్టాడు.

భార్య ఈ గొడవేదీ పట్టించుకోలేదు. పెడలు ఒకసారి తొక్కింది. సగం దిగి ఆగింది. మళ్లీ తొక్కింది. మళ్లీ అక్కడే ఆగింది. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. వంగి పెడలు కింద చెయ్యి పెట్టింది. ఒక రబ్బరు మ్యాటు బయటికి లాగింది. దాని కింద ఇంకో మ్యాటు. దాని కింద వంటింటి గుమ్మం దగ్గర ఉండాల్సిన, వర్షాకాలం నుంచి కనబడని కాళ్లు తుడుచుకునే మందపాటి పట్టా, నాలుగు మడతలు పెట్టి. అన్నీ శుభ్రంగా ఉతికి ఉన్నాయి. సబ్బు వాసన కూడా వస్తోంది.

"ఇవేంటి?"

అతను తల వంచుకున్నాడు. "వానకి నీ కాలు జారుతుందేమోనని వేశాను."

"ఒకటి వేస్తే సరిపోదూ?"

అతను చెప్పబోయిన మాట వీధి మొత్తానికి తెలుసు. అందుకే చెప్పకుండా ఊరుకున్నాడు. మ్యాట్లు తీసేసి మెకానిక్కుకు ఇచ్చిన బండిలో తప్పేం కనబడలేదంటే కనబడదు మరి. తప్పును ఉతికి, ఆరేసి, మళ్లీ పరిచింది తనే. సరిగ్గా పడని బ్రేకుతో ఆమెను ఇన్నాళ్లూ ఆ వాలు మీదికి పంపింది తనే. అతనికి ఒక్కసారి ఏడుపొచ్చింది. అందరి ముందూ ఏడ్చాడు. భార్య పట్టాను అతని చేతిలో పెట్టి, "కళ్లు తుడుచుకోండి, ఉతికిందేగా," అంది.

తర్వాత అత్తగారిని చేతులు ఒళ్లో పెట్టుకోమని చెప్పి, హ్యాండుబ్రేకు దించింది. అతను పరుగెత్తుకెళ్లి వెనక తొట్టిలో, కుట్టుమిషనును కావలించుకుని కూర్చున్నాడు. బండి జారి వేగం పుంజుకోగానే ఆమె ఒక్కసారి తొక్కింది. పెడలు చివరిదాకా దిగింది. బండి గేటుకు చాలా దూరంలోనే, కుదుపు లేకుండా, చక్కగా ఆగింది. ఆమె మళ్లీ పోనిచ్చి మళ్లీ ఆపింది. అతను కళ్లు తెరిచాడు.

మర్నాడు ఉదయం ఉతికిన దుప్పట్లు ఎక్కించుకుని ఆమె క్యాబిను తలుపు తీసేసరికి పక్క సీట్లో అత్తగారు అప్పటికే కూర్చుని ఉంది. ఆవిడ చెయ్యి హ్యాండుబ్రేకు మీద ఉంది.

"నువ్వెందుకమ్మా?"

అత్తగారు ముందుకే చూస్తూ, "ఎందుకైనా మంచిది," అంది.

లాండ్రీ యజమానికి అత్తగారి మీద అంత గౌరవం అంతకుముందెప్పుడూ కలగలేదు.